వెలుగుకూ ఒక హద్దు

పాఠ్యభాగ ఉద్దేశం

వాహనాలకు అదనపు హంగులు సమకూర్చుకోవడం నేడు సర్వసాధారణమైంది. ముందరి దీపాల మార్పు అటువంటి వాటిలో ఒకటి. కొనుగోలుదారుకు అలంకారంగానో సౌకర్యంగానో తోచే ఈ మార్పు, ఎదురుగా వచ్చే బాటసారి ప్రాణానికి సంబంధించిన విషయం కూడా. కాంతికి చెందిన శాస్త్రనియమాలను నిత్యజీవితంలోని ఒక చిన్న నిర్ణయానికి అన్వయించి చూపడం, వస్తువు ఎంపికలో వివేకం, సాటి ప్రయాణికుల పట్ల బాధ్యత అవసరమని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పగటిపూట సూర్యుడు అందరికీ సమానంగా వెలుగు పంచుతాడు. సూర్యాస్తమయం తరువాత మాత్రం వాహనం నడిపే ప్రతి ఒక్కరూ తమ వెలుగును తామే వెంట తీసుకొని పోవలసి ఉంటుంది. ఆ వెలుగు ఎంత ఉండాలి, ఎటు పడాలి అన్న ప్రశ్న మోటారు వాహనం పుట్టిన నాటి నుండి ఉన్నదే.

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే జాతీయ రహదారి మీద గాని, పొలాల నడుమ సాగే జిల్లా రహదారుల మీద గాని రాత్రివేళ ప్రయాణించేవారికి ఈ ప్రశ్న ప్రాణంతో ముడిపడినది. వీధిదీపాలు చాలాచోట్ల ఊరి పొలిమేరలోనే ఆగిపోతాయి. ఆ తరువాత వెనుక దీపం లేని ట్రాక్టరు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్లు, అంచు వెంట నడిచి వచ్చే కూలీలు, ఉన్నట్టుండి అడ్డం వచ్చే పశువులు - వీటన్నిటినీ చోదకుడు తన దీపపు వెలుగులోనే గుర్తించాలి. ఇంకొంచెం వెలుతురు ఉంటే బాగుండునని కోరుకోని చోదకుడు ఉండడు. ఆ కోరికకు అంగడి చూపే సమాధానాలలో జినాన్ దీపం ఒకటి. అయితే ఆ సమాధానాన్ని అందుకొనే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. వాహనదీపం విషయంలో వెలుగు ఎంత అన్నదానికన్నా, ఆ వెలుగు ఎక్కడ పడుతున్నది అన్నదే ముఖ్యం.

కార్బైడ్ నుండి జినాన్ వరకు

తొలినాటి మోటారు వాహనాలకు అసిటిలీన్ వాయువుతో వెలిగే దీపాలు ఉండేవి. కాల్షియం కార్బైడ్ మీద నీటిబొట్లు పడినప్పుడు పుట్టే వాయువును మండించి వెలుతురు పొందేవారు. గాలికి, వానకు తట్టుకున్నా, ప్రతిసారీ చేత్తో వెలిగించవలసి రావడం వాటి లోపం. 1912లో అమెరికాకు చెందిన క్యాడిలాక్ సంస్థ తన కార్లకు విద్యుత్ దీపాలను, విద్యుత్ స్టార్టరును కలిపి అందించింది. క్రమంగా ప్రపంచమంతటా విద్యుత్ దీపమే స్థిరపడింది.

సాధారణ బల్బులో టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాగి వెలుగునిస్తుంది. కాగిన తీగ నుండి టంగ్‌స్టన్ ఆవిరై గాజు లోపలి గోడకు అంటుకొంటుంది. అందువల్ల గాజు నల్లబడి వెలుగు తగ్గుతుంది. ఈ లోపాన్ని హాలొజన్ బల్బు తొలగించింది. బల్బులో కొద్దిగా అయొడిన్ లేదా బ్రోమిన్ వంటి హాలొజన్ మూలకం ఉంటే, అది ఆవిరైన టంగ్‌స్టన్‌ను గాజు మీద చేరనీయక తిరిగి తీగ వైపునకే చేరుస్తుంది. 1962లో ఐరోపాలో హెచ్‌1 అనే తొలి వాహన హాలొజన్ బల్బు వాడుకలోకి వచ్చింది. 1971లో వచ్చిన హెచ్‌4 బల్బులో రెండు తీగలు ఉంటాయి. ఒకటి దూరానికి పోయే హై బీమ్‌కు, మరొకటి ఎదుటివారి కంట పడకుండా కిందికి వాలే లో బీమ్‌కు. భారతదేశంలో దశాబ్దాలుగా కార్లలో ఎక్కువగా కనిపించినది ఈ బల్బే.

జినాన్ గాలిలో అతి స్వల్పంగా ఉండే జడవాయువు. కోటి భాగాల గాలిలో ఒక భాగం కూడా ఉండదు. 1898లో లండన్‌లో విలియం రామ్సే, మారిస్ ట్రావర్స్ అనే శాస్త్రవేత్తలు దీనిని కనుగొన్నారు. గ్రీకు భాషలో ‘అపరిచితుడు’ అనే అర్థం గల మాట నుండి దీనికి ఆ పేరు వచ్చింది. ఈ వాయువుతో పనిచేసే ముందరి దీపాన్ని తొలిసారిగా 1991లో జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యూ. సంస్థ తన 7 సిరీస్ కారులో ప్రవేశపెట్టింది.

జినాన్ దీపం పనిచేసే తీరు

జినాన్ దీపంలో కాగే తీగ ఉండదు. చిన్న క్వార్ట్‌జ్ గొట్టంలో నాలుగు మిల్లీమీటర్లకు కొంచెం పైబడిన ఎడంతో రెండు ఎలక్ట్రోడులు ఎదురెదురుగా ఉంటాయి. ఆ గొట్టంలో జినాన్ వాయువుతో పాటు కొన్ని లోహపు లవణాలు నింపి ఉంటాయి. ‘బ్యాలస్ట్’ అనే పరికరం కారు బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను క్షణకాలం 20 వేల వోల్టులకు పైగా పెంచుతుంది. ఆ ఒత్తిడికి రెండు ఎలక్ట్రోడుల నడుమ మెరుపు వంటి విద్యుత్ చాపం ఏర్పడుతుంది. జినాన్ వెంటనే వెలుగుతుంది. కొన్ని సెకన్లలో లవణాలు ఆవిరై పూర్తి వెలుగునిస్తాయి. ఆ తరువాత దీపాన్ని నిలిపి ఉంచడానికి సుమారు 85 వోల్టులు చాలును. మాట వరసకు జినాన్ దీపమే అయినా, నిలకడగా వెలిగేటప్పుడు అందులో ఎక్కువ పాలు కాంతి లోహ లవణాల నుండే వస్తుంది.

శక్తి పొదుపులో ఈ దీపం గొప్పదనం కాదనలేనిది. 55 వాట్ల హెచ్‌7 హాలొజన్ బల్బు సుమారు 1500 ల్యూమెన్ల కాంతినిస్తే, 35 వాట్ల డి2ఎస్ రకం జినాన్ బల్బు సుమారు 3200 ల్యూమెన్లనిస్తుంది. తక్కువ విద్యుత్తుతో రెట్టింపుకు మించిన కాంతి. తీగ లేనందువల్ల కుదుపులకు తెగిపోయే భయం లేదు. హాలొజన్ బల్బు కన్నా ఎక్కువ కాలం మన్నుతుంది కూడా.

రెట్టింపు కాంతి లభించింది గనుక రెట్టింపు దూరం కనిపిస్తుందని భావించడం సహజం. కాని ప్రకృతి లెక్క వేరు. దీపం నుండి దూరం రెండింతలైతే ఒక చోట పడే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. దీనినే విలోమవర్గ నియమం అంటారు. దాని ప్రకారం కాంతిని రెట్టింపు చేస్తే, మునుపటి స్థాయి వెలుగు అందే దూరం దాదాపు 41 శాతం మాత్రమే పెరుగుతుంది. 60 మీటర్ల దాకా కనిపించినది సుమారు 85 మీటర్ల దాకా కనిపిస్తుంది. అది కూడా, అదనపు కాంతి అంతా పడవలసిన చోటనే పడినప్పుడు.

దీపం, గూడు వేరు కావు

పడవలసిన చోట పడటం అన్నది బల్బు ఒక్కదాని చేతిలో లేదు. పాతకాలపు ఇళ్లలో దీపానికి గోడలో గూడు ఉండేది. దీపం గాలికి ఆరిపోకుండా ఉండటానికీ, వెలుగు గది వైపే ప్రసరించడానికీ ఆ గూడు తోడ్పడేది. కారులో బల్బు చుట్టూ ఉండే దర్పణం, ముందున్న అద్దం కలిసి అటువంటి గూడే. అయితే ఈ గూటిని మిల్లీమీటరులో చిన్న భాగాల వరకు లెక్కకట్టి రూపొందిస్తారు. పరావలయాకార దర్పణపు నాభి వద్ద ఉన్న బిందువు నుండి బయలుదేరిన కిరణాలు సమాంతరంగా ముందుకు పోతాయన్నది విద్యార్థులెరిగిన సూత్రమే. కాంతి పుట్టే చోటు నాభి నుండి ఏమాత్రం తొలగినా కిరణాల దారి మారిపోతుంది.

హెచ్‌4 బల్బులో లో బీమ్ తీగ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. దర్పణం కింది సగం మీద పడి పైకి ఎగసిపోయే కిరణాలను అది అడ్డుకొంటుంది. అందుచేతనే ఆ వెలుగుకు పైభాగాన ఒక స్పష్టమైన గీత ఏర్పడుతుంది. ఆ గీతకు దిగువన వెలుతురు, ఎగువన చీకటి. ఎదురుగా వచ్చేవారి కళ్లు ఆ చీకటిలో క్షేమంగా ఉంటాయి.

ఇటువంటి గూటిలో హాలొజన్ బల్బును తీసివేసి, జినాన్ బల్బును, బ్యాలస్ట్‌ను జోడించే సామగ్రిని ‘కిట్’ పేరుతో విక్రయిస్తారు. బల్బు అడుగుభాగం గూటిలో సరిగ్గా ఇమిడిపోతుంది గనుక అంతా సరిపోయిందని కొనుగోలుదారు నమ్ముతాడు. సరిపోయినది అడుగుభాగం మాత్రమే. సన్నని తీగచుట్టకు బదులు వంపు తిరిగిన విద్యుత్ చాపం వచ్చి చేరింది. దాని ఆకారం వేరు, ఎక్కువ మెరిసే చోటు వేరు, నీడ పడే తీరు వేరు. దాని ఫలితంగా గీత చెదిరిపోయి, కాంతి పైకీ పక్కలకూ చిమ్ముతుంది. తెల్లని గోడ ఎదుట నిలిపి చూస్తే ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

ఇందులో మరొక మోసం కూడా దాగి ఉన్నది. చెదిరిన కాంతిలో అధికభాగం కారుకు ఎదురుగా దగ్గరలోనే నేల మీద పడుతుంది. కాళ్ల ముందు నేల తెల్లగా మెరిసిపోతూ ఉంటే చోదకుడికి ఎంతో బాగా కనిపిస్తున్నదన్న తృప్తి కలుగుతుంది. కాని కన్ను ఆ దగ్గరి వెలుగుకు అలవాటుపడి, దూరపు మసక వస్తువులను పట్టుకొనే శక్తిని కోల్పోతుంది. ‘దీపం కింద చీకటి’ అన్న సామెత ఇక్కడ తారుమారై, దీపం కింద వెలుగు, దారి చివర చీకటి మిగులుతాయి.

రంగు వలలో పడటం

జినాన్ బల్బుల పెట్టెల మీద 4300, 6000, 8000 అంటూ అంకెలు ఉంటాయి. వీటిని చూసి, అంకె పెద్దదైతే వెలుగు ఎక్కువని చాలామంది పొరబడతారు. అవి కాంతి పరిమాణాన్ని తెలిపే అంకెలు కావు. కెల్విన్ మానంలో కాంతి రంగును తెలిపే అంకెలు. హాలొజన్ కాంతి సుమారు 3200 కెల్విన్ల వద్ద కొంచెం పసుపు తెలుపుగా ఉంటుంది. కార్ల తయారీదారులు అమర్చే జినాన్ దీపాలు సాధారణంగా 4300 కెల్విన్లకు దగ్గరగా తెల్లగా ఉంటాయి. 8000 కెల్విన్ల వద్ద కాంతి నీలిరంగుకు తిరుగుతుంది. నీలివన్నె పెరిగే కొద్దీ కంటికి ఉపయోగపడే కాంతి తగ్గుతుంది. ఎదుటివారి కంటికి కలిగే బాధ మాత్రం పెరుగుతుంది. లంబసింగి వంటి మన్యపు దారులలో శీతకాలపు పొగమంచులో గాని, జోరువానలో గాని, చెదిరిన కాంతి నీటి తుంపరల మీద పడి చోదకుడి కళ్లలోకే తిరిగి వస్తుంది. అక్కడ రంగు కన్నా, కిరణం కిందికి వాలి ఉండటమే మేలు చేస్తుంది.

ఎదుటి కన్ను

చీకటిలో కనుపాప విప్పారి ఉంటుంది. నేత్రపటలంలోని దండకణాలు స్వల్పమైన వెలుగును కూడా గ్రహించడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ స్థితిలో తీవ్రమైన కాంతి హఠాత్తుగా పడితే, కనుపాప ముడుచుకొనే లోపలే దండకణాలలోని వర్ణద్రవ్యం విచ్ఛిన్నమవుతుంది. కంటిలోని కటకం మీద కాంతి చెదిరి చూపునకు తెర కడుతుంది. వయసు మీరినవారిలో, శుక్లాలు మొదలైనవారిలో ఈ తెర మరింత దట్టం. కాంతి దాటిపోయిన తరువాత కూడా చూపు వెంటనే కుదుటపడదు.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. ఎదుటి దీపం వల్ల చూపు రెండే రెండు సెకన్లు చెదిరిందనుకొన్నా, ఆ వాహనం 44 మీటర్లు గుడ్డిగా పరుగెత్తినట్లే. ఆ 44 మీటర్లలో సైకిలు తొక్కుకొంటూ ఇంటికి పోయే మనిషి ఉండవచ్చు. దారి దాటుతున్న పిల్ల ఉండవచ్చు. ప్రమాదం జరిగిన చోట జినాన్ దీపాల కారు ఉండదు. అది అప్పటికే చాలా దూరం పోయి ఉంటుంది. తన దీపం చేసిన పని దాని యజమానికి ఎన్నటికీ తెలియదు. నేరం చేసినవాడికే నేరం తెలియకపోవడం ఈ విషయంలోని విషాదం.

అంత గొప్ప లోపం కూడా అవసరం లేదు. నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న దీపం, ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్ల చొప్పున కిందికి వాలితే, దాని గీత 65 మీటర్ల వద్ద నేలను తాకుతుంది. అదే దీపం ఒక్క డిగ్రీ పైకి లేచిందనుకొంటే, 100 మీటర్ల దూరాన ఆ గీత నేలకు దాదాపు 140 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అది ఎదుటి చోదకుడి కళ్లకు తగిలే ఎత్తు. వెనుక సీటులో ముగ్గురు కూర్చొని, డిక్కీలో బరువు నింపితే కారు ముక్కు పైకి లేస్తుంది. దీపం దారి తప్పడానికి ఆ మాత్రం చాలు.

చట్టం చెప్పేది

కొందరు లారీ యజమానులు ఒకప్పుడు దీపపు అద్దం పైభాగాన నల్లరంగు పూసేవారు. ఎదుటివారి కళ్లలో వెలుగు కొట్టకూడదన్న గ్రహింపు అప్పటి సామాన్యులకూ ఉన్నదనడానికి ఆ నల్లటి పట్టీయే సాక్ష్యం. చట్టం ఆ గ్రహింపునకే అక్షరరూపం ఇచ్చింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 106వ నియమం, దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొలపకుండా కిరణం కిందికి వాలి ఉండాలని ఆదేశిస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ విషయాన్ని మరల స్పష్టం చేసింది. తయారీదారే ఆమోదం పొంది అమర్చిన జినాన్ దీపాలకు అభ్యంతరం లేదు. హాలొజన్ గూటిలో జినాన్ బల్బు పెట్టడమే ఆక్షేపణీయం.

ఇతర దేశాలదీ ఇదే బాట. జినాన్ దీపాలు వ్యాపించిన కాలంలో ఐరోపా నిబంధనలు 2000 ల్యూమెన్లకు మించిన లో బీమ్ దీపాలకు రెండు హంగులను తప్పనిసరి చేశాయి. ఒకటి, బరువును బట్టి కిరణాన్ని దానంతటదే సరిదిద్దే ఏర్పాటు. రెండు, అద్దం మీది దుమ్మును కడిగివేసే ఏర్పాటు. దుమ్ము పేరుకొన్న అద్దం కూడా కాంతిని చెదరగొడుతుంది గనుక ఆ జాగ్రత్త. కిట్ కొన్నవారికి ఈ రెండూ లభించవు. బ్రిటన్‌లో హాలొజన్ గూటిలో జినాన్ బల్బు పెట్టిన కారు సాధారణంగా వార్షిక తనిఖీలో తప్పుతుంది.

ఎంపికకు ముందు, ఎంపికలో

వెలుగు చాలడం లేదని తోచినప్పుడు కొత్త దీపం కోసం పరుగెత్తడం కన్నా, ఉన్న దీపం ఎందుకు మసకబారిందో పరీక్షించడం వివేకం. మొదట అద్దాన్ని చూడాలి. నేటి కార్ల దీపాలకు ఉండే పాలీకార్బొనేట్ కప్పు ఎండకు పసుపుబారుతుంది. దానిని మెరుగుపెట్టించినా, మార్పించినా పోయిన వెలుగులో చాలాభాగం తిరిగి వస్తుంది. తరువాత బల్బు వద్దకు చేరే వోల్టేజిని కొలిపించాలి. సన్నని తీగలు, తుప్పుపట్టిన కనెక్టర్ల వల్ల వోల్టేజి పది శాతం తగ్గితే, హాలొజన్ బల్బు వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. నమ్మకమైన ఎలక్ట్రీషియను చేత రిలే, తగిన మందం గల తీగలు వేయిస్తే అదే బల్బు కొత్తదానివలె వెలుగుతుంది. ఈ పనికి బదులు 90, 100 వాట్ల బల్బులు బిగిస్తే హోల్డరు కరిగిపోవచ్చు, దర్పణపు పూత మాడిపోవచ్చు. పిమ్మట దీపం వాలును సరిచూడాలి. సమతలంగా ఉన్న చోట, చక్రాలలో సరైన గాలితో, గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపి, గీత దీపపు ఎత్తు కన్నా సుమారు 10 సెంటీమీటర్లు దిగువన పడుతున్నదో లేదో గమనించాలి. తయారీదారు వేరే కొలత ఇచ్చి ఉంటే దానినే పాటించాలి.

ఇవన్నీ చేసిన పిమ్మట కూడా జినాన్ దీపమే కావాలనుకొనేవారికి సరైన మార్గం బల్బు మార్పు కాదు. అదే కారు నమూనాకు తయారీదారు జినాన్ దీపాలతో కూడిన రకాన్ని తెచ్చి ఉంటే, దాని పూర్తి దీపసముదాయాన్ని, వాలును సరిదిద్దే ఏర్పాటుతో సహా, అధీకృత కేంద్రం ద్వారా, రవాణా అధికారుల అనుమతి అవసరమేమో విచారించి అమర్చుకోవాలి. జినాన్ కోసం రూపొందించిన ప్రొజెక్టర్ గూటిలో దీర్ఘవృత్తాకార దర్పణం, అడ్డుపలక, కటకం ఉంటాయి. అడ్డుపలక అంచే గీతగా దారి మీద పడుతుంది. ఇక్కడ కూడా ఒక మెలకువ అవసరం. భారతదేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి గనుక ఆ గీత ఎడమ అంచున పైకి లేచి, కాలిబాటను చూపుతుంది. అమెరికా వంటి కుడివైపు ప్రయాణించే దేశాల నుండి వచ్చిన పాత ప్రొజెక్టర్లలో అది కుడివైపు లేస్తుంది. అంటే ఎదుటివారి కళ్లలోకే. చవకగా దొరికినదని అటువంటిది బిగిస్తే, మంచి దీపమే చెడ్డదవుతుంది. బల్బులను మార్చవలసి వస్తే జతగా మార్చాలి. దీపం వెలుగుతుండగా తీగలను తాకరాదు. 20 వేల వోల్టుల దెబ్బ ప్రాణాంతకం కావచ్చు.

ఇటీవలి కాలంలో జినాన్ స్థానాన్ని ఎల్.ఈ.డి. దీపాలు ఆక్రమిస్తున్నాయి. 2007లో లెక్సస్ సంస్థ కారులో ఎల్.ఈ.డి. లో బీమ్‌ను తీసుకొనివచ్చిన తరువాత అవి వేగంగా వ్యాపించాయి. హాలొజన్ గూళ్లలో బిగించే ఎల్.ఈ.డి. బల్బులూ అంగళ్లలోకి వచ్చాయి. సాధనం మారినా సూత్రం మారలేదు. 2020లో జర్మనీ అటువంటి ఒక బల్బును తొలిసారిగా రోడ్ల మీద అనుమతించినప్పుడు, అన్ని కార్లకూ అనుమతించలేదు. ఏ నమూనా గూటిలో పరీక్షించి చూశారో ఆ నమూనాకు మాత్రమే అనుమతించింది. దీపాన్నీ గూటినీ వేరుచేసి చూడరాదన్న నియమానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ ఉండదు.

దీపాన్ని ఎంచుకొనేవారు సాధారణంగా చోదకుడి సీటులో కూర్చొని దాని మంచిచెడ్డలు నిర్ణయిస్తారు. అది సగం పరీక్ష మాత్రమే. వెలుగుతున్న కారును మరొకరికి అప్పగించి, రోడ్డు అంచున సురక్షితమైన చోట నిలబడి, ఎదుటి బాటసారి కళ్లతో ఆ దీపాన్ని చూడటం మిగిలిన సగం. అక్కడి నుండి చూసినప్పుడు కళ్లు మూసుకోవలసి వస్తే, ఆ దీపం ఎంత ఖరీదైనదైనా ఆ కారుకు తగినది కాదు. దారి ఒక్కరిది కాదు. ఒకరికి దారి చూపే వెలుగు మరొకరికి దారి మూయకూడదు.

కఠిన పదాలు - అర్థాలు

చోదకుడు = వాహనం నడిపేవాడు
పొలిమేర = ఊరి సరిహద్దు
జడవాయువు = ఇతర పదార్థాలతో సులభంగా కలవని వాయువు
విద్యుత్ చాపం = రెండు ఎలక్ట్రోడుల నడుమ వంపుగా ఏర్పడే విద్యుత్ మెరుపు
నాభి = దర్పణం కిరణాలను కేంద్రీకరించే బిందువు
కటకం = కాంతిని వంచే పారదర్శకమైన సాధనం
నేత్రపటలం = కంటి లోపల వెలుగును గ్రహించే పొర
మిరుమిట్లు గొలుపు = తీవ్రమైన కాంతితో కళ్లు చెదిరేలా చేయు
ఆక్షేపణీయం = తప్పుపట్టదగినది
మెలకువ = జాగ్రత్త, నేర్పు

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. హాలొజన్ గూటిలో జినాన్ బల్బును అమర్చడం ఎందుకు సరికాదో కారణాలతో వివరించండి.
2. కొత్త దీపం కొనే ముందు ఉన్న దీపాన్ని ఏ విధంగా పరీక్షించాలి? జినాన్ దీపాన్ని ఎంచుకొనేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కాంతి రెట్టింపైనా చూపు దూరం రెట్టింపు కాదు. ఎందువల్ల?
2. బల్బుల పెట్టెల మీద కనిపించే కెల్విన్ అంకెలు దేనిని తెలుపుతాయి?
3. తీవ్రమైన కాంతి పడినప్పుడు కంటిలో కలిగే మార్పులను తెలపండి.
4. కుడివైపు ప్రయాణించే దేశాల ప్రొజెక్టర్లు భారతదేశపు రోడ్లకు ఎందుకు తగవు?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు
1. దీపం కింద వెలుగు, దారి చివర చీకటి మిగులుతాయి.
2. సాధనం మారినా సూత్రం మారలేదు.
3. ఒకరికి దారి చూపే వెలుగు మరొకరికి దారి మూయకూడదు.

ఈ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జినాన్ వాయువును ఎవరు, ఎప్పుడు కనుగొన్నారు?
2. హెచ్‌4 బల్బులో లోహపు దొప్ప చేసే పని ఏమిటి?
3. వాహనాలలో మార్పులను గురించి తెలిపే మోటారు వాహనాల చట్టపు సెక్షన్ ఏది?

ఉ. సంధి విడదీసి, సంధి పేరు రాయండి
సూర్యాస్తమయం, ప్రాణాంతకం, పరావలయాకార